అగ్గువ చొక్కా, సీడ్ పత్తి, మధ్యలో మేస్త్రీ

గార్మెంట్ కంపెనీల్లో కూలీలను పిండుకునే సంగతి ఎప్పుడు మాటల్లోకి వచ్చినా మన దగ్గర చాలామంది అదేదో బంగ్లాదేశ్ గొడవ అన్నట్టు వింటారు. మహా అయితే తిరుప్పూర్, బెంగళూరు పేర్లు తీస్తారు. ఫోన్లో ఆఫర్ కనబడితే రెండు వందలకు టీషర్టు ఆర్డర్ పెడతాం, ఇంత అగ్గువకు వీడికి ఎట్లా గిడుతుందబ్బా అని ఒక్క క్షణం అనుకుంటాం, పార్సిల్ వచ్చేసరికి అదీ మర్చిపోతాం. నేను పాలమూరు వాణ్ణి కాబట్టి ఆ టీషర్టు నాకు ఇంకోరకంగా కనబడుతుంది. దాని కథ మొదలయ్యేది ఎక్కడో కాదు, మన నడిగడ్డలో, కృష్ణకూ తుంగభద్రకూ నడుమ, సీడ్ పత్తి చేన్లలో.

సీడ్ పత్తి సంగతి తెలియని వాళ్ళకు రెండు ముక్కల్లో చెప్తా. రైతులు ప్యాకెట్లలో కొనుక్కునే హైబ్రిడ్ పత్తి విత్తనం మామూలు పత్తిలాగా చేన్లో దానంతట అది కాయదు. ఆడ మొక్క మీద వచ్చే ప్రతి మొగ్గనూ సాయంత్రం పూట చేత్తో గిల్లి లోపల పుప్పొడి ఉండే భాగం తీసేయాలి, తెల్లారి మగ చెట్టు పువ్వు తెంపుకొచ్చి దానికి అద్దాలి. క్రాసింగ్ అంటారు. ఒక మొగ్గ, రెండు మొగ్గలు కాదు, ఎకరం నిండా, వాన పడినా ఎండ కొట్టినా, పూత ఉన్నన్ని రోజులూ. గద్వాల, గట్టు, మల్దకల్, ధరూరు, అయిజ వైపు వానాకాలంలో పొద్దున్నే పోతే చేనంతా చేతులే కనబడతాయి. చాలా ఏళ్ళపాటు ఆ చేతుల్లో ఎక్కువ శాతం బడికి పోవాల్సిన ఆడపిల్లలవి. ఇప్పుడు తగ్గింది, పూర్తిగా పోలేదు. చెట్టు ఎత్తు పదేళ్ళ పిల్లకు సరిగ్గా సరిపోతుంది, పెద్దామెకైతే నడుము వంచాలి, చిన్న వేళ్ళయితే మొగ్గ చితకదు, ఇవన్నీ పైకి చెప్పే మాటలు. అసలు మాట ఏంటంటే పిల్లకిచ్చే కూలి తక్కువ, పైగా పిల్ల ఎదురు మాట్లాడదు. మందు కొట్టిన మర్నాడే చేన్లోకి దింపినా కళ్ళు మండుతున్నాయని అమ్మకు చెప్తుంది గాని ఆసామికి చెప్పదు. జోగులాంబ గద్వాల జిల్లా అక్షరాస్యత 2011 లెక్కల్లో 50 శాతానికి లోపు, రాష్ట్రంలో అన్ని జిల్లాల కన్నా కింద. దానికి సవాలక్ష కారణాలు ఉండొచ్చు, ఈ చేన్లు కూడా అందులో ఒకటి.

ఇక్కడ రైతును తిట్టి చేతులు దులుపుకోవడం చాలా తేలిక, టీవీలో డిబేట్ అయితే అట్లాగే అయిపోతుంది. మా బావ మల్దకల్ దగ్గర సీడ్ పత్తి వేస్తాడు. "ఏం బావా, పిల్లల్ని పెడితే కేసు అయితదని తెలుసు కదా" అంటే, "తెలుసు రా. నువ్వు రేటు చూసినవా? పెద్దోళ్ళకు కూలి ఇస్తే నాకేం మిగుల్తదో నువ్వే లెక్క గట్టు" అన్నాడు. కట్టి చూశాం. ఏమీ మిగలదు. రైతుకు కంపెనీ నేరుగా కనబడదు, మధ్యలో ఆర్గనైజర్ ఉంటాడు. విత్తనం అతనే ఇస్తాడు, ఎరువులకూ మందులకూ కూలీలకూ అడ్వాన్స్ అతనే ఇస్తాడు, వడ్డీ వేసుకుంటాడు, పంట అతనే పట్టుకుపోతాడు. ఆ తర్వాత జీవోటీ టెస్ట్ అని, అంటే విత్తనం నాటి అది మేలుదా కల్తీదా చూసే పరీక్ష, కొన్ని నెలలు నడుస్తుంది, పాస్ అయితే డబ్బు, ఫెయిల్ అయితే సరుకు పోయినట్టే. ఎందుకు ఫెయిల్ అయిందని అడిగితే ఆర్గనైజర్ కంపెనీని చూపిస్తాడు, కంపెనీ వాళ్ళు దొరికితే వాళ్ళు ల్యాబ్‌ను చూపిస్తారు. రేటు కంపెనీ నిర్ణయిస్తుంది, రిస్క్ రైతు మోస్తాడు, రైతు మోయలేనిది పదేళ్ళ పిల్ల చేతివేళ్ళ మీదకు వచ్చి పడుతుంది.

గొడవంతా ఈ అమరికలోనే ఉంది. గార్మెంట్స్‌లో కూడా సరిగ్గా ఇదే. పైన బ్రాండ్, దాని కింద బ్రాండ్ తరఫున సరుకు కొనిపెట్టే బయింగ్ హౌస్, కింద ఎక్స్‌పోర్టర్, ఎక్స్‌పోర్టర్‌కు ఆర్డర్ ఎక్కువైతే సబ్ కాంట్రాక్ట్ తీసుకునే చిన్న యూనిట్, అక్కడినుంచి ఇళ్ళల్లో పీస్ రేటుకు, అంటే ఒక్కోదానికి ఇంత అని, గుండీలు కుట్టే ఆడవాళ్ళు. రేటు తగ్గించమని పైనుంచి ఒక్క మెయిల్ వస్తే అది కిందికి దిగుతూ దిగుతూ చివరి మనిషి దగ్గర ఆగుతుంది, ఆమె కింద ఇంకెవరూ లేరు కాబట్టి. చొక్కా రిటైల్ ధరలో కుట్టినవాళ్ళ కూలి వాటా చాలా అంచనాల ప్రకారం మూడు నాలుగు శాతం దాటదు. అంటే కూలి రెట్టింపు చేసినా మనకు పడే బరువు సినిమా హాల్లో సమోసా ధరంత కూడా ఉండదు. అయినా అది జరగదు, ఎందుకంటే పైవాడు "వాళ్ళు మా ఉద్యోగులు కారు" అంటాడు, కాగితం మీద అది నిజం కూడా.

మా చిన్నమ్మ బిడ్డ ఇంటర్ మధ్యలో ఆపేసి బెంగళూరు గార్మెంట్స్‌కు పోయింది. గద్వాలలో రైలెక్కితే తెల్లారేసరికి బెంగళూరే కదా, మనవాళ్ళు చాలామంది అట్లా పోతారు. హెల్పర్‌గా చేరి తర్వాత టైలర్ అయింది. ఆమె ఏం చెప్పినా ఏడుపు గొంతుతో చెప్పదు, నవ్వుతా చెప్తుంది, అది ఇంకా కష్టంగా ఉంటుంది వినడానికి. గంటకు ఇన్ని కాలర్లు అని బోర్డు మీద రాస్తారంట, తక్కువైతే సూపర్‌వైజర్ లైన్ అందరి ముందూ బూతులు. "బాత్రూంకు పోతే టార్గెట్ పోతది అన్నా, అందుకే నీళ్ళు తాగేది తగ్గించుకున్నం" అని మామూలుగా చెప్పింది, బస్సు లేటైందని చెప్పినట్టు. కిడ్నీలో రాళ్ళు వచ్చి ఇంటికొచ్చినప్పుడు మా చిన్నమ్మ దిష్టి తీసింది. టార్గెట్ పూర్తి కాకపోతే సాయంత్రం ఆపి చేయిస్తారు, దానికి ఓటీ (ఓవర్‌టైం) రాయరు, నీ పని నువ్వు పూర్తి చేసుకుంటున్నావు కదా అంటారు. ఓటీకి డబుల్ కూలి ఇవ్వాలని చట్టంలో ఎప్పటినుంచో ఉంది. ఉంటుంది, గోడ మీద ఫ్రేమ్ కట్టి కన్నడలో పెట్టారంట.

అయితే ఆమె చెప్పినవాటిలో నాకు బాగా పట్టుకున్నది ఇంకొకటి. 2020 ఏప్రిల్ నుంచి కర్ణాటకలో కనీస వేతనంలో కలవాల్సిన కరువు భత్యం నెలకు 417 రూపాయలు, గార్మెంట్ కంపెనీలు చాలావరకు ఇవ్వలేదు. హైకోర్టు ఇవ్వమన్నా ఇవ్వలేదు. నాలుగు లక్షల మందికి పైగా వర్కర్ల డబ్బు అది. మనిషికి 417 అంటే చిన్నగానే ఉంటుంది, నాలుగు లక్షలతో గుణించి, నెలలతో గుణించి చూడండి. అక్కడి యూనియన్లు మొత్తుకున్నాయి. వర్కర్ రైట్స్ కన్సార్టియం అనే అమెరికా సంస్థ లెక్కలన్నీ తీసి తీసుకెళ్ళి నేరుగా బ్రాండ్ల ముందు పెట్టింది, మీ చొక్కాలు కుట్టేవాళ్ళకు చట్టప్రకారం రావాల్సిన డబ్బు మీ సప్లయర్లు ఎగ్గొడుతున్నారు అని. కోర్టు మాటకు కదలని కంపెనీలు కస్టమర్ మాటకు కదిలాయి. 2022లో బకాయిలు పడటం మొదలైంది. మా చెల్లె అకౌంట్లో ఒకేసారి కొన్ని వేలు పడ్డాయి, ఎందుకు పడ్డాయో ఆమెకు చాలా రోజుల తర్వాత గాని తెలియలేదు.

ఈ విషయంలో నా అభిప్రాయం అప్పటినుంచీ ఒకటే. జాలిపడటం వల్ల పెద్దగా ఏమీ కాదు, దాడులు చేసి ఫొటోలు దిగడం వల్ల కొంత అవుతుంది, గొలుసు పైకొసన ఉన్నవాడి చేత సంతకం పెట్టించి, కింది కొసన ఉన్నవాళ్ళు సంఘంగా నిలబడితేనే ఏదైనా కదులుతుంది. రెంటిలో ఒకటే ఉంటే సగంలో ఆగిపోతుంది.

రాణా ప్లాజా పేరు చాలామందికి తెలుసు. 2013 ఏప్రిల్ 24, ఢాకా పక్కన సావర్‌లో ఎనిమిదంతస్తుల బిల్డింగ్ కూలి 1,134 మంది చనిపోయారు. ముందురోజే గోడలకు, పిల్లర్లకు పగుళ్ళు వచ్చాయి, కింద ఉన్న బ్యాంకు తన ఉద్యోగులను ఇంటికి పంపించేసింది. పై అంతస్తుల్లో గార్మెంట్ వర్కర్లను మాత్రం మర్నాడు పొద్దున్నే లోపలికి పంపారు, రాకపోతే నెల జీతం పోతుందని బెదిరించి. ఒకే బిల్డింగ్, ఒకే పగులు, బ్యాంకు క్లర్కు బతికాడు, కుట్టుమిషన్ మీద కూర్చున్న అమ్మాయి చనిపోయింది. తేడా అంతా నేను పోను అని చెప్పగలగడంలో ఉంది.

దానికి ముందు బ్రాండ్లు ఏం చేయలేదా అంటే, చేశాయి, ఆడిట్లు చేయించాయి. ఆడిట్ అంటే నాకు నమ్మకం పోయింది కరాచీ సంగతి చదివాక. 2012 సెప్టెంబర్‌లో అక్కడ అలీ ఎంటర్‌ప్రైజెస్ అనే ఫ్యాక్టరీలో మంటలు లేచి 250 మందికి పైగా చనిపోయారు, కిటికీలకు ఊచలు, తలుపులకు తాళాలు. ఆ ఫ్యాక్టరీకి మూడు వారాల ముందే ఎస్‌ఏ 8000 సర్టిఫికెట్ వచ్చింది, అంటే ఇక్కడ అంతా బాగుంది అని అంతర్జాతీయ ముద్ర. న్యూయార్క్‌లో 1911లో ట్రయాంగిల్ ఫ్యాక్టరీ తగలబడి 146 మంది చనిపోయినప్పుడు కూడా తలుపుకు తాళమే. వందేళ్ళకు సర్టిఫికెట్ కొత్తగా వచ్చింది, తాళం పాతదే.

రాణా ప్లాజా తర్వాత వచ్చిన అకార్డ్ మాత్రం వేరే రకం. కంపెనీ తనంతట తాను గోడ మీద రాసుకునే నీతులు కావు, ప్రపంచస్థాయి యూనియన్లతో రెండు వందలకు పైగా బ్రాండ్లు సంతకం పెట్టిన ఒప్పందం, మాట తప్పితే ఆర్బిట్రేషన్‌కు, అంటే మధ్యవర్తి తీర్పుకు, లాగొచ్చు. ఇంజనీర్లు వెళ్ళి చూశారు, రిపోర్టులు ఎవరైనా చదువుకునేలా బయటపెట్టారు, రిపేర్లు చేయని ఫ్యాక్టరీకి ఆర్డర్లు ఆపేశారు. తాళం వేసే గేట్లు తీయించారు, ఫైర్ డోర్లు పెట్టించారు. బంగ్లాదేశ్ గార్మెంట్స్‌లో ఆ స్థాయి చావులు తర్వాత జరగలేదంటే ఇది పెద్ద కారణం. 2023లో పాకిస్తాన్‌కూ తెచ్చారు. కూలి విషయంలో మాత్రం అకార్డ్ నోరెత్తదు. బంగ్లాదేశ్‌లో గార్మెంట్ కనీస వేతనం 2023 డిసెంబర్‌లో నెలకు 12,500 టాకాలు చేశారు, యూనియన్లు అడిగింది 23,000. బిల్డింగ్ కూలకుండా చూడటానికి ఒప్పుకున్నవాళ్ళు కడుపు నిండా జీతం అనేసరికి మళ్ళీ "మా ఉద్యోగులు కారు" దగ్గరికే వెళ్తారు.

మన పక్కనే ఉన్న ఉదాహరణ నాకు ఇంకా ఇష్టం. తమిళనాడు దిండిగల్ దగ్గర ఒక గార్మెంట్ ఫ్యాక్టరీలో పనిచేసే దళిత యువతి 2021 జనవరిలో హత్యకు గురైంది, అరెస్టయింది అక్కడి సూపర్‌వైజర్. ఫ్యాక్టరీలో ఆడవాళ్ళ మీద వేధింపులు ఎప్పటినుంచో ఉన్నాయని అప్పుడు గాని బయటికి రాలేదు. అక్కడ దళిత మహిళలు నడిపే చిన్న యూనియన్ ఒకటి ఉంది, తమిళనాడు టెక్స్‌టైల్ అండ్ కామన్ లేబర్ యూనియన్. వాళ్ళు పట్టు వదలకుండా కూర్చుని 2022 ఏప్రిల్‌లో కంపెనీతోనూ, హెచ్ అండ్ ఎమ్ బ్రాండ్‌తోనూ ఒప్పందం చేసుకున్నారు, తర్వాత గ్యాప్, పీవీహెచ్ అనే అమెరికా బ్రాండ్లు కూడా చేరాయి. వర్కర్లలోంచే మానిటర్లు, కంప్లయింట్ ఇస్తే ఉద్యోగం పోదన్న హామీ, కంపెనీ మాట తప్పితే బ్రాండ్లు ఆర్డర్ల మీద చర్య తీసుకోవాలన్న షరతు. నేను చెప్పే పైకొస, కింది కొస రెండూ ఒకే కాగితం మీద ఉన్నాయి ఇక్కడ. అంతకుముందు 2016 ఏప్రిల్‌లో బెంగళూరులో కేంద్రం పీఎఫ్ డబ్బు తీసుకోవడానికి కొత్త ఆంక్షలు పెడితే, పెద్ద నాయకులెవరూ లేకుండానే వేలమంది గార్మెంట్ ఆడవాళ్ళు రోడ్డెక్కారు, రెండు రోజుల్లో కేంద్రం వెనక్కి తీసుకుంది. టీవీలు ట్రాఫిక్ జామ్ గురించే ఎక్కువ చూపించాయి అనుకోండి.

"కొనడం మానేద్దాం" అనే వాళ్ళకు ఒక్క మాట. 1992లో అమెరికా సెనేటర్ టామ్ హార్కిన్ పిల్లల చేత చేయించిన సరుకు ఏదీ దిగుమతి చేసుకోవద్దని బిల్లు పెట్టాడు. మంచి ఉద్దేశమే. బిల్లు పాస్ కూడా కాలేదు, ఆ భయానికే బంగ్లాదేశ్ ఓనర్లు దాదాపు 50 వేల మంది పిల్లలను రాత్రికి రాత్రి వెళ్ళగొట్టారు. వాళ్ళు బడికి పోలేదు. రాళ్ళు కొట్టే పనుల్లో, వీధుల్లో, ఒళ్ళు అమ్ముకునే చోట తేలారని యూనిసెఫ్ తర్వాత రాసింది. 1995లో ఓనర్లతో ఒప్పందం చేసుకుని, పిల్లలకు బడీ, ఇంటికి కొంత డబ్బూ ఇచ్చాక గాని ఆ నష్టం కొంతైనా పూడలేదు. మన హైదరాబాద్ పాతబస్తీలోనూ అంతే. 2015 జనవరిలో గాజుల కార్ఖానాల మీద దాడులు చేసి రెండు వందలకు పైగా పిల్లలను బయటికి తీశారు, ఎక్కువమంది బిహార్ పిల్లలు, గాలి ఆడని గదుల్లో లక్క వేడి దగ్గర పొద్దస్తమానం. రైలెక్కించి ఇంటికి పంపారు, సంతోషమే. ఇంటి దగ్గర అప్పు అట్లాగే ఉంటే వచ్చే రైలు కూడా ఉంటుంది కదా.

పిల్లల విషయంలో మన దగ్గరే ఒక దారి దొరికింది, దాన్ని మనమే సరిగా చెప్పుకోం. శాంతా సిన్హా గారి ఎం.వి. ఫౌండేషన్ 1991 నుంచి రంగారెడ్డి జిల్లా పల్లెల్లో చేసిన పని. బడిలో లేని ప్రతి పిల్లా, ప్రతి పిల్లాడూ బాలకార్మికులే, ఇంట్లో చెల్లెను ఎత్తుకున్నా సరే, బర్రెలు కాసినా సరే, ఇదీ వాళ్ళ లెక్క. బ్రిడ్జి క్యాంపులు పెట్టి వెనకబడ్డ పిల్లలను వయసుకు తగ్గ క్లాసులో కూర్చోబెట్టారు. ఆమెకు 2003లో మెగసెసే అవార్డు వచ్చింది. సీడ్ పత్తి మీద కూడా వాళ్ళూ, ఇంకొందరూ కొట్లాడాకే కంపెనీలు పిల్లలు లేని చేన్ల గురించి ఒప్పందాల్లో రాయడం మొదలైంది. తర్వాత కస్తూర్బా స్కూళ్ళు, గురుకులాలు వచ్చాయి. హాస్టల్లో సీటు దొరికిన పిల్ల క్రాసింగ్‌కు పోదు, ఇంత సింపుల్. తల్లిదండ్రులు వలస పోయినా అన్నం దొరుకుతుంది కాబట్టి. నన్నడిగితే గట్టు మండలానికి ఇంకో కస్తూర్బా కట్టడం వంద అవగాహన సదస్సులకన్నా మేలు.

ఇక మేస్త్రీ దగ్గరికి వస్తా. పాలమూరు లేబర్ అంటే దేశమంతా తెలుసు, డ్యాములు కట్టినవాళ్ళు, బొంబాయి, పూణే రోడ్లు వేసినవాళ్ళు. నారాయణపేట, మక్తల్, కోస్గి వైపు ఊళ్ళలో ముసలోళ్ళను అడిగితే తాము కట్టిన ప్రాజెక్టుల పేర్లు వరసగా చెప్తారు, సొంత చేనుకు మాత్రం నీళ్ళు లేవు. గుంపు మేస్త్రీ అడ్వాన్స్ ఇచ్చి జనాన్ని తీసుకుపోతాడు, ఆ అడ్వాన్స్ తీరేదాకా వెనక్కి రావడానికి లేదు. అదే మేస్త్రీ పద్ధతిలో ఒడిశా నుంచి, బలాంగీర్, నువాపడా వైపు నుంచి కుటుంబాలు కుటుంబాలు మన దగ్గరి ఇటుక బట్టీలకు వస్తాయి. నల్లగొండ, భువనగిరి, రంగారెడ్డి, ఎక్కడ చూసినా ఈ ఎండాకాలం వాళ్ళే. బొంబాయిలో మనవాళ్ళను ఎట్లా చూశారో కథలు కథలుగా చెప్పుకునే మనం, బట్టీ ఓనర్ ఒడియా పిల్లాణ్ణి కొడితే మనకెందుకులే అనుకుంటాం. వెట్టి మీద కొట్లాడి రజాకార్లకు ఎదురు నిలబడ్డ నల్లగొండ గడ్డ మీద ఇది జరగడం మాత్రం నాకు మింగుడుపడదు.

చట్టం సంగతి చాలామందికి తెలియదు, అందుకే కొంచెం వివరంగా రాస్తున్నా. 1976 వెట్టిచాకిరి రద్దు చట్టం ప్రకారం అడ్వాన్స్ ఇచ్చి మనిషిని కట్టేసుకుంటే ఆ అప్పు అక్కడికక్కడే రద్దు, పైసా కట్టక్కర్లేదు. అది వెట్టి అప్పు కాదని రుజువు చేసుకోవాల్సింది కూడా అప్పిచ్చినవాడే, కూలివాడు కాదు. కలెక్టర్ దగ్గర్నుంచి ఆర్డీవో దాకా విడిపించే అధికారం ఉంది, విడిపించాక విముక్తి పత్రం తప్పక తీసుకోవాలి, అది లేకపోతే పునరావాసం డబ్బు రాదు. ఇంకోటి, 1982లో ఏషియాడ్ కేసు. ఢిల్లీలో ఆసియా క్రీడలకు స్టేడియాలు కట్టేటప్పుడు రోజు కూలి 9 రూపాయల 25 పైసలు ఇవ్వాలి, కూలీలను తెచ్చే జమాదార్లు రూపాయి కమిషన్ పట్టుకుని 8 రూపాయల పావలా చేతిలో పెట్టేవాళ్ళు. కనీస వేతనం కన్నా తక్కువిచ్చి చేయించుకుంటే అది రాజ్యాంగం 23వ అధికరణం నిషేధించిన వెట్టే అని సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. ఆ ఒక్క రూపాయి కమిషన్ మీద. ఈ లెక్కన చూస్తే మన చుట్టూ ఎంత వెట్టి ఉందో మీరే చూసుకోండి.

2025 నవంబర్ 21 నుంచి పాత కార్మిక చట్టాల బదులు నాలుగు లేబర్ కోడ్‌లు అమల్లోకి వచ్చాయి. అందులో మంచి లేదనను, రావాల్సిన జీతం మీద క్లెయిమ్ వేయడానికి మూడేళ్ళ గడువు ఇచ్చారు, కాంట్రాక్టర్ ఎగ్గొడితే అసలు కంపెనీయే కట్టాలన్న మాట కూడా ఉంది. కానీ ఫ్యాక్టరీ అనిపించుకోవాలంటే ఇదివరకు కరెంటు వాడే చోట పదిమంది వర్కర్లు ఉంటే చాలు, ఇప్పుడు ఇరవై మంది ఉండాలి. కరెంటు లేని చోట ఇరవై నుంచి నలభైకి పెంచారు. అసలు జనం నలిగేది ఎక్కడ? రోడ్డు మీద బోర్డు ఉన్న వెయ్యి మంది కంపెనీలో కన్నా, మెట్ల కింద పదిహేను మిషన్లు వేసిన గదిలోనే ఎక్కువ. సబ్ కాంట్రాక్టులన్నీ దిగేది అక్కడికే. ఆ గదిని ఫ్యాక్టరీ లెక్కలోంచి తీసేసి ఫ్యాక్టరీల్లో భద్రత పెరుగుతుందంటే నాకైతే అర్థం కాలేదు. కాలిఫోర్నియాలో 2021లో గార్మెంట్ వర్కర్లకు పీస్ రేటు కట్టడమే నిషేధించారు, ఎగ్గొట్టిన జీతానికి బ్రాండ్‌ను కూడా బాధ్యుణ్ణి చేశారు, ఎన్ని సబ్ కాంట్రాక్టులు దాటినా సరే. చేయాలనుకుంటే ఎట్లా రాయొచ్చో దానికి ఉదాహరణ.

ఇక్కడ ఉండి మనం చేయగలిగినవి చిన్నవే. వలస పోయేవాళ్ళకు నేను చెప్పేది ఒకటి, అడ్వాన్స్ ఎంత, రోజు కూలి ఎంత అనేది నోట్‌బుక్‌లో రాయించి మేస్త్రీ సంతకంతో ఫోన్లో ఫొటో తీసుకోండి, సైట్ బోర్డు మీద అసలు కంపెనీ పేరు ఉంటుంది, దాన్నీ ఫొటో తీయండి. గొడవైతే ఏఎల్‌ఓ (అసిస్టెంట్ లేబర్ ఆఫీసర్) ఆఫీసులో మీ నోటిమాటకన్నా ఆ ఫొటోకే విలువ. పిల్లలు పనిలో కనబడితే 1098కి ఫోన్ చేయండి, పేరు చెప్పక్కర్లేదు. ఊళ్ళో పొదుపు సంఘాలు ఆస్పత్రి అప్పు, పెళ్ళి అప్పు లాంటివి వెంటనే ఇవ్వగలిగితే సగం మంది మేస్త్రీ గడప తొక్కరు, ఎందుకంటే అడ్వాన్స్ తీసుకునేది సరదాకు కాదు, అర్జెంటుకు. ఉపాధి హామీ 2006లో మొదలైన మొదటి విడత జిల్లాల్లోనే పాలమూరు ఉంది, కూలి డబ్బులు టైంకి పడిన ఏడాది బొంబాయి బస్సులు కొంచెం ఖాళీగా పోయేవని మా ఊళ్ళో చెప్తారు, లేటైన ఏడాది మళ్ళీ కిక్కిరిసి. జూరాల, నెట్టెంపాడు నీళ్ళు వచ్చిన ఊళ్ళలోనూ వలస తగ్గింది, ఇప్పుడు అక్కడ పత్తి ఏరడానికే బయటినుంచి కూలీలు వస్తున్నారు.

బట్టల షాపుల వాళ్ళను కూడా అడగడం అలవాటు చేసుకోవాలి అంటాను. క్లాక్ టవర్ దగ్గర నాకు తెలిసిన రెడీమేడ్ షాపాయన్ను "అన్నా, ఇవి ఎక్కడ కుట్టినవి" అని అడిగితే నన్ను పైనుంచి కిందికి చూసి, "హోల్‌సేల్‌ల తెస్తం, ఎక్కడ కుడితే నీకెందుకే, సైజు సరిపోయిందా లేదా చూస్కో" అన్నాడు. స్కూల్ యూనిఫారాల ఆర్డర్లు, పోలీసు యూనిఫారాల ఆర్డర్లు ఇచ్చే ప్రభుత్వమైనా ఆ ప్రశ్న అడగొచ్చు కదా. కుట్టే ఆడవాళ్ళకు జతకు ఎంత ఇస్తున్నారో టెండర్ కాగితంలోనే రాయిస్తే చాలు.

మా బావ వాళ్ళ ఊళ్ళో ఈసారి ఒక కొత్త పేచీ నడుస్తోంది. ఆర్గనైజర్ ఇచ్చే కాగితంలో ఇన్నాళ్ళూ రైతు పేరు, అడ్వాన్స్ లెక్క తప్ప కంపెనీ పేరే ఉండేది కాదు. కొందరు రైతులు కూర్చుని, కంపెనీ పేరు, ప్యాకెట్ రేటు, డబ్బు ఇచ్చే తేదీ మూడూ రాసి సీల్ వేయించుకొస్తేనే విత్తనం దించుకుంటాం, పెద్దోళ్ళ కూలికి సరిపోయే రేటు ఉంటేనే పిల్లల్లేని చేను అని సంతకం పెడతాం అన్నారు. ఆర్గనైజర్ రెండు సార్లు వచ్చి పోయాడు. రేటు సంగతి పైన మాట్లాడి చెప్తా అన్నాడంట, కంపెనీ పేరు రాయడం మాత్రం కుదరదన్నాడంట. పక్క ఊరివాళ్ళు అప్పుడే విత్తనం దించుకున్నారు, అందుకని వీళ్ళలో ఇద్దరు ముగ్గురు జారిపోయేలా ఉన్నారని బావ టెన్షన్. తొలకరికి ఇంకా టైముంది, తేలాక రాస్తా.